నలభై ఏళ్ల కిందట సగంలో ఆగిన నీటిరంగుల బొమ్మను ఇప్పుడు పూర్తి చేయవచ్చా?

రేవుమెట్టు

అందరికీ నమస్కారం. నాకు 62 ఏళ్లు. నిడదవోలులో ఉంటాను. పోస్టాఫీసు సేవింగ్స్ కౌంటరులో 36 ఏళ్లు పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. నీటిరంగులు తెలిసినవారు, అందులోనూ చాలాకాలం మానేసి మళ్లీ కుంచె పట్టినవారు, నా సందేహం తీర్చాలని కోరుతున్నాను. కొంచెం పొడవుగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

1985 ఫిబ్రవరిలో ఒక బొమ్మ మొదలుపెట్టాను. రాజమండ్రి పుష్కర రేవు మెట్ల మీద నుంచి కనిపించే పాత రైలు వంతెన, హేవలాక్ వంతెన. 22 అంగుళాల పొడవు, 15 అంగుళాల ఎత్తు ఉన్న చేతితయారీ కాగితం. అప్పటికి డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రెండూ ప్యాసయ్యాను. చందమామ అట్టల మీద వడ్డాది పాపయ్య గారి బొమ్మలు చూసి, మూలలోని ‘వ.పా.’తో సహా దించుకుంటూ పెరిగినదాన్ని. మా డ్రాయింగ్ మాస్టారు మాత్రం, ‘అచ్చుబొమ్మ చూసి ఎన్నాళ్లు వేస్తావు? పక్కనే నది ఉంది, వెళ్లి కూర్చో’ అని రేవుకు పంపించారు. నాలుగు ఆదివారాలు వెళ్లాను. ఆకాశం పూర్తయింది. నీటికి మొదటి వాష్ (నీళ్లతో పలచన చేసిన రంగుపూత) పడింది. 56 స్పాన్ల (స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎడాల) వంతెనలో నా కాగితం మీదికి వచ్చినవి పదకొండు స్తంభాలు. వాటిని పెన్సిలుతో గీసి పెట్టుకున్నాను. రాతికి రంగు వేయాల్సిన ఐదో ఆదివారం నాకు పెళ్లిచూపులు. ఏప్రిల్‌లో పెళ్లి.

నన్ను ఎవరూ వద్దనలేదు. ఆ మాట చెప్పకపోతే మా వారికీ, మా అత్తగారికీ అన్యాయం చేసినదాన్నవుతాను. ఉద్యోగం వచ్చింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, మామగారు పక్షవాతంతో ఆరేళ్లు మంచం మీద ఉన్నారు. ఒక్కో ఏడాది ఒక్కో పని. రంగుల పెట్టె ట్రంకు పెట్టె అడుగుకు చేరింది. బొమ్మ వెనుక మాస్టారు పెన్సిలుతో రాసిన మాట ఒకటి ఉంది: ‘నీడలు తొందరపడి వేయకు.’ అది చదివినప్పుడల్లా ఇంకా సమయం ఉందని అనుకునేదాన్ని. పదేళ్ల కిందట మా వారు నాకు చెప్పకుండా దానికి ఫ్రేము కట్టించి తెచ్చి, ముందుగది కిటికీ పక్కన తగిలించారు. సగం బొమ్మను గోడకు పెట్టడమేమిటని నేను కోప్పడ్డాను. ఆయన తీయలేదు.

అప్పటి నుంచి నాకు ఒక దిగులు పట్టుకుంది. ఆకాశం వెలిసిపోయి, పలచని టీ రంగుకు తిరిగినట్టు కనిపించేది. కిటికీ వెలుతురుకు పాడైపోయిందని నమ్మాను. రెండు నెలల కిందట నా కుడికంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పిన మర్నాడు ఉదయం కాఫీ గ్లాసుతో ముందుగదిలోకి వచ్చి ఆ బొమ్మ వైపు చూశాను. ఆకాశం నీలంగా ఉంది. 1985లో నేను వేసిన నీలమే. కుడికన్ను మూసి ఎడమ కంటితో చూస్తే మళ్లీ టీ రంగు. అలా ఒక్కో కన్నూ మూసుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కాఫీ చల్లారిపోయింది.

ఆ వారమే రంగులు కొన్నాను. వీధి చివర పుస్తకాల దుకాణంలో పిల్లలు కొనే రంగుబిళ్లల పెట్టె, స్కూలు డ్రాయింగ్ పుస్తకం. మూడు వారాలుగా రోజూ ఉదయం ఆరు నుంచి ఏడున్నర దాకా వరండాలో కూర్చుంటున్నాను. ఫలితం చెప్పడానికి బాధగా ఉంది. ఆకాశానికి వాష్ వేస్తే మధ్యలో అంచులు కట్టి మచ్చలు మచ్చలుగా ఆరుతోంది. ఇత్తడి చెంబు గీస్తే మూతి ఎడమవైపుకు జారిపోతోంది. అది తప్పని నా కన్ను వెంటనే పట్టుకుంటుంది. చేయి మాత్రం దిద్దలేకపోతోంది.

కౌంటరులో నా పని చాలావరకు సంతకాలు పోల్చడం. అరవై దాటినవారు డబ్బు తీసుకోవడానికి వస్తే, ఫారం మీది సంతకాన్ని పాత కార్డులోని సంతకం పక్కన పెట్టి చూసేదాన్ని. అక్షరాలు అవే, గీత మాత్రం వేరు. వణుకు ఎక్కడ మొదలవుతుందో, ఒత్తు ఎక్కడ తేలిపోతుందో నాకు బాగా తెలుసు. ఇప్పుడు నా పెన్సిలు గీతలో అదే కనిపిస్తోంది.

నేను అడగదలచింది ఇది. ఆ బొమ్మను పూర్తి చేయాలని ఉంది. నలభై ఏళ్ల కాగితం ఇంకా రంగు పడుతుందా? ట్రంకు పెట్టెలోని పాత ట్యూబులు రాళ్లలా గట్టిపడ్డాయి, వాటిని వాడవచ్చా? చేయి తిరిగి వచ్చేదాకా ఆగాలా, అసలు తిరిగి వస్తుందా? ఇంకొక మాట. అప్పుడు ఆ వంతెన మీద రైళ్లు నడిచేవి. 1997లో ఆపేశారు. ఇప్పుడు దాని పక్కనే విల్లుల్లాంటి కమానులతో కొత్త వంతెన ఉంది. పూర్తి చేస్తే అప్పటి వంతెనగానే చేయాలా, ఇప్పుడు కనిపిస్తున్నది వేయాలా?

*

తెల్లసుద్ద

చెల్లెమ్మా, నాకు 74. పశ్చిమ గోదావరి జిల్లాలో హైస్కూలు డ్రాయింగ్ మాస్టారుగా 31 ఏళ్లు పనిచేశాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ముందు కాగితం సంగతి. నీటిరంగుల కాగితానికి తయారీలోనే జిగురు పూత పడుతుంది. రంగునీరు కాసేపు పైన నిలిచి, మనం కుంచె తిప్పుకునే వ్యవధి ఇచ్చేది ఆ పూతే. తేమ తగిలే గోడకు ఏళ్ల తరబడి ఉంటే ఆ పూత చచ్చిపోతుంది. అప్పుడు కాగితం పైకి బాగానే కనిపిస్తుంది కానీ, నీళ్లు తగలగానే అద్దుడు కాగితంలా తాగేస్తుంది. కాబట్టి కుంచె పెట్టేముందు ఫ్రేము విప్పించండి. ఫ్రేము కింద దాగి ఉన్న అంచున, బొమ్మ లేనిచోట, శుభ్రమైన నీటిచుక్క ఒకటి పెట్టండి. చుక్క ముత్యంలా నిలబడి మెల్లగా ఇంకితే పూత బతికే ఉంది. పెట్టీ పెట్టగానే నల్లబడి చుట్టూ పాకితే పోయినట్టే. ఒక్కచోట కాదు, నాలుగు వైపులా చూడండి. జెలటిన్ నీళ్లు పూసి పూతను తిరిగి తెప్పించవచ్చని ఎవరైనా చెబితే వినవద్దు. ఉత్త కాగితానికైతే అది సరే. మీ ఆకాశం మీద తడి కుంచె లాగితే అప్పటి రంగు లేచి వచ్చేస్తుంది.

ట్యూబుల గురించి. నీటిరంగును పట్టి ఉంచేది తుమ్మబంక జాతి జిగురు. ఎన్నేళ్లు ఎండినా నీళ్లు తగిలితే అది కరుగుతుంది. తైలవర్ణాలకు ఈ భాగ్యం లేదు. బ్లేడుతో ట్యూబును నిలువునా చీల్చి, ముద్దను చిన్న గిన్నెలో వేసి, నాలుగు చుక్కల నీళ్లు పోసి రాత్రంతా మూతపెట్టండి. బూజు పట్టినవీ, వాసన వేసేవీ పారేయండి. అల్ట్రామెరైన్ నీలం దొరికితే దాచుకోండి. అది వెలుతురుకు చెదరని రంగు. మీ ఆకాశం అలాగే ఉండటానికి కారణం కూడా అదే అయి ఉంటుంది. క్రిమ్సన్ (పలచగా వేస్తే గులాబీగా కనిపించే ముదురు ఎరుపు) మాత్రం నమ్మదగింది కాదు. పాత క్రిమ్సన్‌లు వెలుతురు తగిలే గోడ మీద నిజంగానే వెలిసిపోతాయి. నది అవతల దిగంతంలో ఎక్కడైనా క్రిమ్సన్ వాడి ఉంటే ఒకసారి చూసుకోండి. నీలం విషయంలో మీ కన్ను మోసం చేసింది. గులాబీ విషయంలో రంగే మోసం చేసి ఉండవచ్చు.

మీ మాస్టారి మాట నాకు అర్థమైంది, మీకు కూడా తెలియాలి కనుక రాస్తున్నాను. రాజమండ్రి నదికి తూర్పు ఒడ్డున ఉంది. రేవులో కూర్చుంటే మీ చూపు పడమటికి. ఉదయమైతే సూర్యుడు మీ వీపు వెనుక ఉండి స్తంభాల మీద ఎండ పడుతుంది, రాయి రంగు కనిపిస్తుంది. సాయంత్రమైతే సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు, అవే స్తంభాలు నల్లని చారలవుతాయి. నాలుగు ఆదివారాల్లో మీరు ఒకే వేళకు వెళ్లారా? ఒకరోజు పొద్దున, ఒకరోజు సాయంత్రం వెళ్లి ఉంటే నీడలు ఒకదానితో ఒకటి పొసగవు. ఆయన ఆపమన్నది అందుకే అనుకుంటాను. మీ ఆకాశం ఏ వేళదో ముందు తేల్చుకోండి. నీడ దాన్నిబట్టే పడాలి.

ఇక అసలు ప్రశ్న. ఆ కాగితం మీద పూర్తి చేయకండి. దాని మీద ట్రేసింగ్ పేపరు పరిచి గీతలు ఎత్తుకుని, కొత్త కాగితం మీదికి మార్చి, కొత్త బొమ్మ వేయండి. పాతది పాతదిగా ఉండనివ్వండి. ఇరవై రెండేళ్ల చేయి వేసిన వాష్ పక్కన అరవై రెండేళ్ల చేయి వేసిన రాయి అతుకులా కనిపిస్తుంది.

చేయి వస్తుంది. రోజుకు ఇరవై నిమిషాలు బొమ్మలు వద్దు, గీతలే. నిలబడి, పాత న్యూసుపేపరు గోడకు అంటించి, భుజం నుంచి చేయి కదిలిస్తూ పెద్ద సున్నాలు, చెంబు మూతులు గీయండి. మణికట్టుతో గీస్తే వణుకు కనిపిస్తుంది, భుజంతో గీస్తే కనిపించదు. నాకు కుడిచేయి వణకడం మొదలై ఎనిమిదేళ్లయింది. ఇవాళ పొద్దున కూడా ఒక మందారం వేశాను.

ఇంకొకటి. రాజమండ్రిలో గోదావరి గట్టునే చిత్రకారుడు దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ ఉంది. చిన్నప్పుడు చూసే ఉంటారు, ఇప్పుడు కొత్త కంటితో మళ్లీ చూడండి. ముప్పై నిండకుండానే, 1925లో, మశూచితో పోయిన మనిషి ఆయన. ఆ కొద్ది ఏళ్లలోనే అంత పని చేశారు. దగ్గరగా వెళ్లి వాష్‌లు ఒకదాని మీద ఒకటి ఎలా పడ్డాయో చూడండి. ఒక పూట వెచ్చించండి.

*

చూపుపలక

రేవుమెట్టు గారూ, అమ్మ వయసు మీది, అమ్మా అనే పిలుస్తాను. కళ్ల పరీక్షలు చేసి అద్దాల నంబరు రాసే ఉద్యోగం నాది, పన్నెండేళ్లుగా ఇదే పని. బొమ్మల గురించి నాకు తెలియదు. కంటి గురించి రెండు మాటలు.

మీరు చూసింది నిజం. వయసుతో కంటిలోని లెన్సు పసుపుకూ, ఆపైన గోధుమరంగుకూ తిరుగుతుంది. అలాంటి లెన్సు ముందుగా అడ్డుకునేది నీలం, ఊదా కాంతులనే. మార్పు ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతుంది కాబట్టి మనకు తెలియదు. ఆపరేషన్‌లో ఆ లెన్సు తీసి రంగులేనిది పెట్టగానే నీలం ఒక్కసారిగా తిరిగి వస్తుంది. ఫ్రాన్సు చిత్రకారుడు క్లాడ్ మోనె కథ కళ్లవైద్యం చదివేవారందరికీ తెలుసు. శుక్లాలు ముదిరాక ఆయన బొమ్మలు ఎరుపు, గోధుమ రంగుల్లోకి వెళ్లిపోయాయి. 1923లో కుడికంటికి ఆపరేషన్ అయింది. అప్పుడు ఆయన వయసు 82. ఆ తర్వాత కూడా అద్దాలు కుదిరేదాకా రంగులతో చాలా అవస్థపడ్డారు. కుదిరాక కలువకొలను పెద్ద బొమ్మల పనిని కొనసాగించారు.

మీరు ఇప్పుడు ఒక రంగులేని లెన్సుతో, ఒక పసుపు లెన్సుతో చూస్తున్నారు. రెండు కళ్లూ తెరిచి కలిపిన రంగును నమ్మకండి. రంగు సరిచూసుకోవాలంటే కుడికంటితో మాత్రమే చూడండి. చెంబు మూతి జారిపోవడం పూర్తిగా చేతి తప్పు కాకపోవచ్చు. రెండు కళ్లలో బొమ్మ ఒకేలా స్పష్టంగా లేనప్పుడు దూరం, వంపు అంచనా తప్పుతాయి. రెండో కంటికి కూడా ఆపరేషన్ అవసరమని డాక్టరు చెప్పి ఉంటే, అదయ్యేదాకా మీ చేతి గురించి తీర్పు ఇచ్చుకోకండి.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. ఎక్కువమందికి దూరపుచూపుకు సరిపడే లెన్సు పెడతారు, దగ్గరకు చదివే అద్దాలు రాస్తారు. ఆ అద్దాలు దాదాపు 40 సెంటీమీటర్ల దూరానికి. బొమ్మ వేసేటప్పుడు కాగితం 60, 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ ఆ అద్దాలూ పనిచేయవు, అవి లేకుండా కూడా సరిగ్గా కనిపించదు. మీరు కూర్చునే చోట కంటి నుంచి కాగితం దాకా టేపుతో కొలిపించి, ఆ అంకె కాగితం మీద రాసుకుని, అద్దాలు రాయించుకునే చోట చూపించండి. ఆ దూరానికి విడిగా ఒక జత రాస్తారు. ఖర్చు ఎక్కువ కాదు. కుట్టుపని చేసే ఎందరో అమ్మలకు ఇదే రాసి ఇచ్చాను.

*

పంటుపడవ

నేను చిత్రకారుణ్ణి కాను. తెల్లసుద్ద మాస్టారి మాటతో ఏకీభవించలేక రాస్తున్నాను. మా అమ్మ ఒక దిండుగలీబు మీద నెమలి కుట్టడం మొదలుపెట్టి, తోక సగం అయ్యాక పోయింది. సూది ఇంకా ఆ గుడ్డలోనే ఉంది. పదకొండేళ్లుగా బీరువాలో ఉంది. దాన్ని పూర్తి చేసే హక్కు మాకెవరికీ లేదు, చేయగలిగింది ఆమె ఒక్కతే. మీరు ఉన్నారు, మీ బొమ్మ ఉంది. అతుకు కనిపిస్తే కనిపించనివ్వండి. నలభై ఏళ్లు గడిచాయన్నది నిజమే కదా, బొమ్మలో అది ఎందుకు కనిపించకూడదు? వేయండమ్మా.

*

మేడమీదనీడ

హైదరాబాద్ నుంచి. నేను 55లో తిరిగి మొదలుపెట్టాను, ఇప్పుడు 59. మీరు రాసిన మొదటి మూడు వారాలు నావి కూడా. అందుకే ముందుగా ఒక మాట: ఆ స్కూలు డ్రాయింగ్ పుస్తకాన్ని ఇవాళే పక్కన పెట్టండి. ఆ కాగితం మీద వాష్ ఎవరు వేసినా మచ్చలే వస్తాయి. నేను ఎనిమిది నెలలు ఆ కాగితం మీదే నన్ను నేను తిట్టుకుంటూ గడిపాను. ఒకరోజు ఒక స్నేహితురాలు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న మందపాటి) పత్తి కాగితం పావు షీటు ఇచ్చింది. అదే రంగు, అదే కుంచె, అదే చేయి. ఆకాశం పరుచుకుంది. ఆ సాయంత్రం ఏడ్చాను, సంతోషంతో కాదు, పోయిన ఎనిమిది నెలలకు.

కాగితం ఖరీదే. అందుకని పెద్ద షీటు కొని ఎనిమిది ముక్కలు చేసుకోండి. రెండువైపులా వేయవచ్చు. రంగుల్లో మాత్రం పొదుపు చేయవచ్చు. పిల్లల పెట్టెలోని ఇరవై నాలుగు బిళ్లల కన్నా మంచి రకం ట్యూబులు నాలుగు మేలు: అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా (కాలిన మట్టి గోధుమరంగు), ఎల్లో ఓకర్ (మట్టిపసుపు), ఒక నిమ్మపసుపు. అల్ట్రామెరైన్‌లో బర్న్‌ట్ సియెన్నా కలిపితే వచ్చే బూడిదరంగులతోనే మీ వంతెన మొత్తం వేయవచ్చు. నీలం ఎక్కువైతే ఇనుము, సియెన్నా ఎక్కువైతే తడి రాయి. నల్లరంగు అసలు కొనకండి. కుంచె ఒక్కటి కొన్నా కొన చెదరని 12వ నంబరు గుండ్రనిది కొనండి. తడిపి విదిలిస్తే కొన సూదిలా రావాలి.

మా ఊరి ఎండలో వాష్ కుంచె కిందే ఆరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కాగితాన్ని రెండువైపులా తడిపి, తడిపలక మీద పరిచి, ఫ్యాను ఆపి వేస్తాను. మీ గోదావరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ తొందర మీకు లేదు. మీకు కావలసింది ఓపిక. మొదటి వాష్ ఆరిందో లేదో చేతి వెనుకభాగం ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. చల్లగా ఉండగానే రెండోది వేయబట్టే అంచులు కట్టి ఉంటాయి.

నేను మొదలుపెట్టినప్పుడు అందరూ రవీంద్రనాథ్ ఠాగూరు పేరు చెప్పేవారు. అరవై దాటాక బొమ్మలు వేయడం మొదలుపెట్టి, 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టారని. ఆయన మీద నాకు ఎంత గౌరవం ఉన్నా, ఆ ఉదాహరణ నాకు పనికిరాలేదు. ఆయన కొత్తగా మొదలుపెట్టారు. రాతప్రతుల్లో కొట్టివేతల గీతల నుంచి ఆయన బొమ్మలు పుట్టాయి, పోల్చుకోవడానికి వెనుక ఏమీ లేదు. మనం తిరిగి వచ్చినవాళ్లం. ఒకప్పుడు మన చేయి ఏమి చేసేదో మనకు తెలుసు, అది గోడ మీద కూర్చుని మనల్ని చూస్తూ ఉంటుంది. ఇరవై మూడేళ్ల వయసులో నేను గీసిన చార్మినార్ పెన్సిలు బొమ్మను గోడకు పెట్టుకుని ఏడాదిపాటు దానితో పోటీపడ్డాను. తీసి అల్మారాలో పెట్టాకే చేయి వదులైంది. మీరు కూడా ఆ వంతెనను ఆరు నెలలు గోడ నుంచి దించండి. మీ వారు ఒప్పుకోకపోతే నా మాటగా చెప్పండి.

వీలైతే ఒంటరిగా వేయకండి. మేము ఏడెనిమిది మందిమి ఆదివారాలు ఉదయం కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర కలుసుకుంటాం. ఒకరి బొమ్మ గురించి మరొకరం ఎక్కువ మాట్లాడం. పక్కన ఇంకొకరి కుంచె నీళ్లలో తిరుగుతున్న చప్పుడు వినిపిస్తే చాలు.

*

రేవుమెట్టు

అందరికీ కృతజ్ఞతలు. జవాబు రాయడానికి ఐదు వారాలు పట్టింది. చెప్పినవన్నీ చేసి చూశాకే రాయాలని ఆగాను.

ఫ్రేము విప్పించాము. మాస్టారూ, మీరు చెప్పినట్టే క్రిమ్సన్ సంగతి బయటపడింది. దిగంతంలో నేను గులాబీ వేశానని నాకే గుర్తులేదు. ఫ్రేము అంచు కప్పి ఉంచిన చోట, వేలి గోరంత వెడల్పున, అది ఇంకా అలాగే ఉంది. వెలుతురు తగిలినచోట ఏమీ మిగల్లేదు. అంటే అది సాయంత్రపు ఆకాశం. పెన్సిలు నీడలు చూస్తే మాత్రం రెండు స్తంభాలకు ఉదయపు ఎండ. నాలుగు ఆదివారాల్లో ఒకసారి నేను పొద్దున వెళ్లాను, ఆరోజు సాయంత్రం ఇంట్లో పేరంటం ఉంది. మా డ్రాయింగ్ మాస్టారు బొమ్మ వెనుక ఎందుకలా రాశారో నలభై ఏళ్లకు తెలిసింది. ఆయన ఇప్పుడు లేరు.

నీటిచుక్క పైఅంచున ముత్యంలా నిలిచింది. కింద ఎడమవైపు పెట్టగానే ఇంకిపోయింది. గోడకు చెమ్మ వచ్చేది అటువైపే. స్తంభాల అడుగు, నీటి నీడలు వేయాల్సింది సరిగ్గా అక్కడే. పంటుపడవ గారూ, మీ మాట చదివి ఒక రాత్రంతా ఆలోచించాను, వేసేద్దామనే అనుకున్నాను. కాగితం ఒప్పుకోలేదు. మీ అమ్మగారి నెమలిని మాత్రం మరచిపోలేను.

ట్యూబుల్లో అల్ట్రామెరైన్, ఎల్లో ఓకర్ బతికాయి. తెలుపు బూజు పట్టింది. క్రిమ్సన్ పొడిపొడి అయింది, పారేశాను.

ట్రేసింగ్ పేపరు పరిచి గీతలు ఎత్తుతున్నప్పుడు జరిగింది చెప్పాలి. దూరం వెళ్లేకొద్దీ స్తంభాల మధ్య ఎడం ఎంత చక్కగా తగ్గించానో అని ఒక్కొక్కటే ఎత్తుతూ వచ్చాను. ఏడో స్తంభం దగ్గర పెన్సిలు ఆగింది. అది పక్కకు ఒరిగి ఉంది. స్కేలు పెట్టి చూశాను, ఒరిగే ఉంది. పదేళ్లు గోడ మీద రోజూ చూసిన బొమ్మ. ఆ ఇరవై రెండేళ్ల అమ్మాయి ఎక్కడా తప్పు చేయలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. కొత్త కాగితం మీద ఆ స్తంభాన్ని నిటారుగా నిలబెట్టాను. చేయి పెద్దగా వణకలేదు.

మా పోస్టాఫీసులో సంతకం పాతదానితో బొత్తిగా కలవనప్పుడు ఖాతాదారును వెనక్కి పంపేసేవాళ్లం కాదు. మనిషిని గుర్తుపట్టాక, కార్డు మీద కొత్త నమూనా సంతకం తీసుకునేవాళ్లం. పాతదాన్ని చెరిపేవాళ్లం కాదు, పక్కనే ఉండేది. ఈ సంగతి మొదటి ఉత్తరంలో రాయడం మరచిపోయాను.

కిందటి గురువారం రైల్లో రాజమండ్రి వెళ్లాను. దామెర్ల వారి గ్యాలరీలో రెండు గంటలు ఉన్నాను. తర్వాత రేవులో అదే మెట్టు కోసం వెతికాను. రేవు చాలా మారింది, దొరకలేదు, దగ్గరలో కూర్చున్నాను. పాత వంతెన పక్కన కొత్త వంతెన కమానులు వరసగా కనిపిస్తాయి. చిన్న ముక్క మీద ఇప్పటి వంతెనను వేశాను. పాత షీటు కొలతలోనే కొత్త షీటు తెచ్చి, దాని మీద అప్పటి వంతెన మొదలుపెడుతున్నాను. రెండూ వేస్తాను, రెండు వేరు వేరు కాగితాల మీద. చూపుపలక బాబూ, 66 సెంటీమీటర్లు అని రాసుకుని వెళ్లాను, అద్దాలు వచ్చాయి. రెండో కంటి ఆపరేషన్ వచ్చే నెల. అప్పటిదాకా పెన్సిలు పనే, రంగు పెట్టను. మేడమీదనీడ గారూ, బొమ్మను దించాము. గోడ మీద దాని ఆకారంలో తెల్లని చోటు మిగిలింది.

ఒక చిన్న సందేహం మిగిలింది. పాత బొమ్మలో రైలుకు చోటు వదిలాను కానీ గీయలేదు. 1985లో ఆ వంతెన మీద సాయంత్రం పూట వెళ్లే పాసింజరు పెట్టెలు ఏ రంగులో ఉండేవి? నా జ్ఞాపకంలో ముదురు ఎరుపు. మా వారు నీలం అంటున్నారు. ఎవరికైనా గుర్తుందా?

*

తెల్లసుద్ద

ముదురు ఎరుపే చెల్లెమ్మా, కాలిన ఇటుక రంగు. ఎన్నిసార్లు ఆ పెట్టెల్లో కొవ్వూరు నుంచి వచ్చానో. బర్న్‌ట్ సియెన్నాలో కొద్దిగా ఎరుపు, దాని మీద ఆరాక పలచగా నీలం వాష్. సాయంత్రపు బొమ్మ అంటున్నారు కాబట్టి కిటికీలు వెలుగుతూ ఉంటాయి. వాటికి రంగు వేయకండి, కాగితాన్నే తెల్లగా వదిలేయండి.